పొట్టి పోగు

ప్రాతోలో వాన పడితే
మా షెడ్డంతా తడిసిన గొర్రెల వాసన.
గొర్రె ఒక్కటీ లేదు.
ఉన్నవల్లా ఎవరెవరో విడిచేసిన కోట్లు, స్వెట్టర్లు,
మెడచెమట ఇంకా వదలని మఫ్లర్లు,
బేలుకి మూడొందల కిలోలు.

ఒరెస్తె కళ్ళు మూసుకుని ఏరతాడు.
ఒక్కసారి పిసికి
"మెరీనో" అంటాడు, "మేక" అంటాడు, "అబద్ధం" అంటాడు.
అబద్ధమంటే పాలిస్టర్ కలిసిందని.
చీటీ మీద నూటికి నూరుపాళ్ళు ఉన్నే అని రాసున్నా సరే
ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటిస్తాడు.
జుట్టు కాలిన కంపు కొడితే నిజం.
నల్లబొట్టై కారి వేలికంటుకుంటే
ఆయన బొటనవేలి మీద ఇంకో మచ్చ.

నాది కత్తెర పని.
బొత్తాలు డబ్బాలోకి,
జిప్పులు, అస్తర్లు, భుజాల దూది గోతంలోకి.
జేబుల్లో దొరికినవి కిటికీ గట్టు మీదకి:
ట్రామ్ టికెట్టు, ఒక పాలపన్ను,
నాకు రాని భాషలో సరుకుల చీటీ.

ఎరుపులే పదకొండు రకాలు.
ఎరుపుని ఎరుపుతో కలిపి వడికితే
అద్దకం అక్కర్లేదు,
బిసెన్సియో ఏరు ఆ పూట ఏ రంగూ తాగక్కర్లేదు.

మొన్న మంగళవారం ఒక ఓవర్‌కోటు దగ్గర
ఆయన చెయ్యి ఆగింది.
ఆవరంగు, చేపముల్లు నేత.
కళ్ళు తెరిచాడు.
"ఇది మాదే. ఎనభై ఒకటిలో మా మగ్గం దిగింది.
ఇదిగో, రెండు పోగులు ఒకే కంట్లో దూరాయి,
ఫియొరెంజా తప్పు.
ఆ వారం ఆవిడకి నెలలు నిండాయిలే."

నాకు సంబరం!
తిరిగి తిరిగి ఇంటికే వచ్చిందన్నమాట,
కంపెనీవాళ్ళు గోడకంటించిన బొమ్మలో
పచ్చబాణాలు ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు.

ఆయన ఒక పోగు విప్పి నా అరచేతిలో పెట్టాడు.
చిటికెనగోరంత లేదు.
"మేం నేసేనాటికే ఇది ఒకసారి చింపి వడికిన ఉన్ని.
చింపినప్పుడల్లా పొట్టిదవుతుంది.
ఇప్పుడు మళ్ళీ చింపితే
దారం రాదు, దుమ్మొస్తుంది.
ఆ బాణాలు గీసినవాడు
ఈ దుమ్ము ఎన్నడూ మింగి ఉండడు."
దగ్గాడు. చాలాసేపు దగ్గాడు.

నేను కత్తెర అందుకుంటే
చెయ్యి అడ్డం పెట్టాడు.
డబ్బాలో కెలికి కెలికి ఒక బొత్తాం తీశాడు,
రంగు కలిసింది, కొంచెం పెద్దది.
"కుట్టుకో, కుంబా. చింపడం ఎప్పుడైనా ఉన్నదే."

ఆ సాయంత్రం తూకంలో
రెండు కిలోలు తక్కువొచ్చింది.
ఎవరూ అడగలేదు.
బస్టాపులో వాన.
ఫియొరెంజా తప్పు
నా మణికట్టు మీద సన్నగా గీరుకుంటోంది.