ఒక కాలు తక్కువ

మిర్చి యార్డు కొట్టు నుంచి
కాగితం పొట్లంలో ప్రాసెసర్ తెచ్చాడు నాగుల్ మీరా.
"కింద పడింది. పనికొచ్చిద్దా?"

మూల కాస్త పెచ్చూడింది, దానికేం కాదు.
వంగిన కాళ్లు పదకొండు.
అరండల్‌పేటలో కరెంటు పోయింది.
ఫ్యాన్ ఆగడమే మేలైంది, చెయ్యి వణకదు.
కిటికీ వెలుగులో, జాకెట్లు కుట్టే సూదితో
ఒక్కొక్కటే నిలబెట్టాను.
పన్నెండోది విరిగిపోయి
పొట్లం అడుగున మిరపగింజల్లో దొరికింది.
తుమ్మొచ్చింది,
పళ్లు బిగించి ఆపుకున్నాను.

కరెంటొచ్చాక పెట్టి చూస్తే
తెర వెలిగింది.
ఎనిమిది జీబీల్లో నాలుగే కనబడుతున్నాయి.
"సగం మర్చిపోయింది భాయ్."

"మా షావుకారుకి
రావాల్సిన సగం గుర్తుంటే చాల్లే,
ఇవ్వాల్సింది ఎటూ గుర్తుండదు."

మూడొందలన్నాను.
"రాసుకో" అని
డబ్బా చంకనెత్తుకుని మెట్లు దిగాడు.

నా మూడొందలు
ఏ సగంలో పడ్డాయో.