ప్యాకింగుకి మనుషులు కావలెను

కాశీబుగ్గ బస్టాండు గోడ మీద
నేనే అంటించాను, మైదా జిగురుతో:
ప్యాకింగుకి మనుషులు కావలెను.
పని లైనక్సులో. జీతం లేదు.
కింద నా కొట్టు గుర్తు, ఫోను నంబరు.

మర్నాడు షట్టరెత్తేసరికి
గుమ్మంలో ఐదుగురు ఆడవాళ్లు,
జీడి మరకలు తిన్న వేళ్లు.
"లైనక్సంటే ఏ పక్క బాబూ? కొత్త ఫేక్టరీయా?"
చదివిపెట్టినవాడు ఆఖరి మాట మింగేశాడట.
నలుగురు నన్ను తిట్టుకుంటూ పోయారు.
ఒకావిడ ఉండిపోయింది,
ఫ్యాను కింద కాస్త చల్లగా ఉందని.

కోత దాలమ్మ.
జీడిపప్పు డబ్బాలు కట్టడంలో ఇరవై రెండేళ్లు.

ఎవరికీ చెప్పుకోలేక ఆవిడకే చెప్పాను.
తోవ అని ఒక పటం ఉంది,
నెట్టు లేకపోయినా దారి చూపిస్తుంది.
రాసినాయన అందరికీ ఊరికే ఇచ్చేశాడు.
కానీ ఒక్కో రకం లైనక్సుకి ఒక్కోలా కట్టాలి,
నాకున్నవి రెండు చేతులే అంటాడు.
పప్పంతా రాశి పోసి ఉంది,
డబ్బాకెత్తే మనిషి లేడు.

"కట్టకపోతే ఏటవుద్ది?"

ఏమవుతుందంటే,
మొన్న గాలివాన రాత్రి
కొబ్బరిచెట్లతో పాటు టవర్లూ పడ్డాయా?
డయాలసిస్ వాళ్లని ఎక్కించుకుని
రుంకు తవిటయ్య ఉద్దానమంతా తిరిగాడు.
గుర్తుపెట్టుకున్న చెట్లు లేవు.
ఫోనులో పటం తెల్లకాగితంలా ఉండిపోయింది.
పలాస చేరేసరికి తెల్లవారుజాము నాలుగు.
బండి ఎక్కినవాళ్లు ఐదుగురని చెప్పాడు,
దిగినవాళ్ల లెక్క నేనడగలేదు.
ఆ బండి వెనక సీటు కింద
నేనమ్మిన పాత లాప్‌టాపే ఉంది,
లైనక్సుది,
పేర్లు రాసుకోడానికి తప్ప దేనికీ పనికిరాకుండా.

దాలమ్మ చాలాసేపు ఫ్యాను వంకే చూసింది.
"ఎలా కడతారో సూపించు."

చూపించాను. తెరనిండా ఎర్ర గీతలు.
ఇది నడవాలంటే అది కావాలి,
అది నడవాలంటే ఇంకోటి,
ఆ ఇంకోటి పాతది దొరకదు, కొత్తది కుదరదు.

"ఎండని గింజ కాల్చకూడదు.
కాల్చని గింజ కొట్టకూడదు.
తొక్క తియ్యకండా డబ్బాకెత్తితే పురుగు.
వరస తప్పినావు బాబు, అంతే."

అంతే కాదు, ఇంకా పదకొండు తప్పులున్నాయి.
కానీ వరస కూడా ఉంది.

రికార్డు జిరాక్సుకొచ్చిన ఐటీఐ కుర్రాడు ఢిల్లేసు
నా భుజం మీదుగా చూసి
పన్నెండో తప్పు చూపించాడు.
జిరాక్సు మర్చిపోయి వెళ్లిపోయాడు,
రాత్రికి మళ్లీ వచ్చాడు.
ఆ తర్వాత కరెంటున్న ప్రతి రాత్రీ వచ్చాడు.

దాలమ్మ డ్యూటీ దిగాక వచ్చేది.
కంప్యూటరు ముట్టుకోలేదు,
ఒక్కసారే, వేలితో:
"మా పేటకెల్లే గట్టు ఇందులో లేదు."
నిజమే, లేదు.

చివర్న ఒక ఖాళీ గడి మిగిలింది,
దీన్ని చూసుకునేది ఎవరు, అని.
రేపటినుంచి ఏది విరిగినా
ఆ పేరునే అడుగుతారు.
నేను టీకి వెళ్లొచ్చాను. మళ్లీ వెళ్లబోయాను.

"మా డబ్బాలో చీటీ ఏస్తాం. నాది పదిహేడు.
పురుగు పడితే ఎవుల్ని అడగాలో తెలవాలి కదా."
ఇందులో పురుగులు వేరే, దాలమ్మా.
"పురుగు పురుగే."

పేరు కొట్టాను.
కొట్టు బోర్డు మీద కూడా
ఇప్పటికీ మా నాన్న పేరే ఉంది.

తవిటయ్య లాప్‌టాపులో తోవ ఎక్కింది.
ఆ గట్టు మాత్రం ఇంకా ఎక్కలేదు,
ఆదివారం దాలమ్మతో నడిచి గీసుకురావాలి.

కట్టాల్సిన లైనక్సులు ఇంకా మూడు రకాలు.
స్టవ్వు మీద మైదా ఉడుకుతోంది.
ఈసారి జీతం లేదన్నది
అన్నిటికన్నా పైన రాయమంది దాలమ్మ,
బస్సులోంచి కూడా కనబడేంత లావుగా.