కాకుల అంచు

కబ్బన్‌పేటలో మా సందు చివర,
సువర్ణత్త మంచం కింద దొరికిందొక రేకు పెట్టె.
నగలుంటాయనుకున్నారు ఇంట్లోవాళ్ళు.
మూత తీస్తే గళ్ళ కాగితాలు.

నలభై ఏళ్ళు అత్త చేసిన పని ఇదే.
చీర అంచు మీద హంస వాలాలంటే
ముందు దాన్ని కాగితం మీద గళ్ళుగా తుంచాలి.
నింపిన గడికి దారం లేస్తుంది,
వదిలిన గడికి అణిగి ఉంటుంది.
ఆ లెక్కన అట్టలకు చిల్లులు కొట్టి
దండలా కుట్టి మగ్గం నెత్తిన వేస్తే
హంస తనంతట తానే నడిచొచ్చేది.
చీర మీద కొట్టువాడి పేరుండేది.
నేతగాడికి కూలి ఉండేది.
అత్తకు కళ్ళజోడు నంబరు పెరిగేది.

కాగితాల చివర్లలో, పెన్సిల్‌తో,
కూడికల మధ్య ఇరుక్కుని కొన్ని మాటలు:
"ఇవాళ నెమలికి కాలు ఒక గడి పొట్టి.
ఎవరూ చూడరు. నెమలి చూసుకుంటుంది."
ఇంకోచోట, "కరెంటు పోయింది.
చీకట్లో గళ్ళన్నీ నింపినట్టే ఉన్నాయి."
కవిత్వమంటే నవ్వేది అత్త,
పాల లెక్క పక్కన రాసినదానికి
అంత పేరెందుకే అని.

అన్నిటికంటే అడుగున, కాకులు.
మా సందులో తీగ మీద కూర్చునేవే.
ఒకటి మెడ తిప్పి, ఒకటి తోకెత్తి,
ఒకదాని నోట్లో ఏదో, బహుశా ఇడ్లీ ముక్క.
పదోరోజు ముద్ద పెట్టి ఎంత పిలిచినా
ఒక్కటీ రాలేదని నాన్న కుమిలిపోయాడు.
ఇవి అప్పుడు పెట్టెలో ఉన్నాయి.

నాలుగో కాకి పక్కన కొట్టువాడి ఎర్రసిరా:
"కాకుల్ని ఎవరు కట్టుకుంటారు? వద్దు."
ఆ తర్వాత కూడా గీసింది ఇంకో మూడు.
ఏడోదానికి రెక్కలున్నాయి. కాళ్ళు లేవు.
అక్కడ ఆగింది పెన్సిల్.

చౌడప్ప మామ దగ్గరికి తీసుకెళ్ళాను,
సందులో మిగిలిన ఒకే చేతిమగ్గం.
కాగితాన్ని వెలుతురుకెత్తి
మాట్లాడకుండా చూశాడు చాలాసేపు.
మిగతా గళ్ళు కంప్యూటర్‌లో నింపేస్తాను,
నిమిషం పని, అన్నాడు వాళ్ళబ్బాయి.
వద్దన్నాను.
అత్త ఎంతవరకు గీసిందో అంతవరకే నెయ్యి మామా,
ఆపైన ఖాళీగా వదిలెయ్.
"కాళ్ళు లేని కాకి ఎక్కడ కూర్చుంటుందే?"
నా దగ్గర జవాబు లేదు.

చీర మగ్గం దిగాక చూశాం:
ఆరు కాకులు తీగ మీద,
ఏడోది గాల్లో.
దాని ముందు కొంగు పొడవునా
ఏమీ లేని నీలం.

మొన్న చిక్‌పేటలో మెట్రో ఎక్కితే
ఒకావిడ కొంగు వేళ్ళ మధ్య పట్టుకుని
ఏ కొట్లో కొన్నారమ్మా అంది.
కొట్టు కాదండీ, అనేలోగా
మెజెస్టిక్ వచ్చింది, దిగిపోయింది.
తలుపులు మూసుకున్నాక
అద్దం లోపలినుంచి చెప్పాను,
సు, వ, ర్ణ,
ఒక్కో గడి నింపినట్టు.