ఒత్తు

పెనుమూరు బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు,
పాత దుప్పట్లో చుట్టి, జబ్బుపడ్డ మేకపిల్లను తెచ్చినట్టు.
చిత్తూరు మిట్టూరులో మా కొట్టు మెట్లెక్కి
బల్ల మీద దించి, కాసేపు ఊపిరి తీసుకుని
"పాట కన్నా ముందు ఇది పాడతాది పాపా" అన్నాడు
మునిరత్నం.

ప్లగ్గు పెట్టాను.
వాల్వులు తీరిగ్గా, ఊదిన బొగ్గుల మాదిరి ఎర్రబడ్డాయి.
కాలిన దుమ్ము వాసన.
పళ్లెం ఇంకా తిరగనే లేదు,
జుమ్మ్‌మని రొద,
గోడలో తుమ్మెద కాపురం పెట్టినట్టు.

నేను మీటరు కోసం సొరుగు లాగుతున్నాను.
ఆయన తల ఓరగా వంచాడు.
"ఐదు. ఐదుకు ఒక నూలు పైన.
మా యన్న వాయించింది రెండులో.
రెండుకు ఐదంటే మధ్యమం.
పిలవకుండా వచ్చి మధ్యమం పట్టుకోని కూర్చునిందే,
ఎవుడు నేర్పినాడు దీనికి ఒత్తు?"

ముప్పై ఏడేళ్లు ఒత్తు పట్టిన మనిషి.
పెండ్లిండ్లలో, గంగజాతరల్లో
అన్న నాగస్వరం ఊరంతా తిరిగొస్తుంటే
పక్కన నిలబడి
ఒక్క స్వరం, ఒక్కటే,
చెంపలు ఉబ్బించి, ఇంటి దూలం లాగా.
దూలాన్ని చూసి ఎవరూ చప్పట్లు కొట్టరు.

వాల్యూం పూర్తిగా తగ్గించాను. రొద తగ్గలేదు.
అయితే తప్పు పాట వచ్చే దారిలో లేదు,
కరెంటు వచ్చే దారిలో ఉంది.
తిరగేసి మరలు విప్పాను.
ఒక బల్లి ఎముకలు. చీమలు పెట్టిన మట్టి.
అరవై ఏళ్ల నాటి టంకం ఇంకా మెరుస్తూ.
బొటనవేలంత కండెన్సరు,
లోపలి తడంతా కారి, అడుగున తెల్లగా పేరుకుని.
ప్లగ్గు పీకినా కరుస్తుంది ఇది,
నాయన ఎడమచేతి మచ్చ నాకు మొదటి పాఠం.
రెసిస్టరు ఆనించి, మెల్లగా, దాని కోపమంతా దించి
కొత్తది అతికించాను. పొగ కళ్లలోకి.

మళ్లీ ప్లగ్గు.
చచ్చింది రొద, అనుకున్నాను.
ఆయన చెయ్యెత్తాడు. "ఉండు.
పోలేదు. మంద్రానికి దిగింది.
అదే ఐదు, ఒక స్థాయి కింద."
మీటరు తర్వాత ఒప్పుకుంది.
నూరు పోయి యాభై మిగిలింది.

ముల్లు చేతి మీద వేలు పెట్టాను, ఆగింది.
తీశాను, వచ్చింది.
పెట్టాను. తీశాను.
నా ఒంట్లోంచి నేలకు దారి వెతుక్కుంటోంది.
ఎలుక కొరికిన నల్లతీగ దొరికింది, అతికించాను.
సగం తగ్గింది, అంతే.
అప్పుడు గుర్తొచ్చింది పెరట్లో ఎర్తుగుంత.
ఈ ఏడు చినుకు లేదు,
ఉప్పూ బొగ్గూ పెళ్ల కట్టేశాయి.
తాగే బిందెలోంచి రెండు చెంబులు పోశాను.
నేల గుటకలేసింది.
లోపల్నుంచి కేక:
"ఆగిపొయ్యింది మే!"

రికార్డు పైపంచెతో తుడిచాడు.
లేబులు మీద అన్న పేరు, డోళ్ల పేర్లు రెండు.
నాలుగో పేరు లేదు.
ముల్లు దించాను.
నాగస్వరం లేచింది, కొట్టంతా నిండింది.
ఆయన దాన్ని వినడం లేదు.
దాని అడుగున సన్నగా, తెగకుండా
ఇన్నాళ్లూ రొద కింద పూడిన ఇంకో స్వరం,
పంతొమ్మిదేళ్ల కుర్రాడి ఊపిరి.
"ఇదో… ఇప్పుడు… ఇప్పుడు" వేలెత్తాడు.
పల్లవి మలుపులో రెప్పపాటు
ఆ స్వరం తెగి, అతుక్కుంది.
"దగ్గు" అన్నాడు. "మద్రాసులో. ఫ్యాను గాలికి.
అన్న కండ్లెర్రజేసినాడు.
మళ్లా వాయిస్తే దుడ్లు ఎక్కువైతాయని అట్నే వదిలేసినారు."

నాలుగుసార్లు విన్నాం ఆ దగ్గును.

ఇంట్లో ఎర్తుకు వారానికో చెంబు పొయ్యమన్నాను.
"పీక తడపకుండా మేము మాత్రం వాయిస్తామా" అని
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు.
మెట్లు దిగబోయి ఆగి
పాత కండెన్సరు అడిగాడు.
దేనికన్నాను.
"ఇంతకాలం నా బదులు పట్టింది గదా."
దుప్పటి కొంగున ముడేసుకుని
బస్సుకు పోయాడు.