నషాళానికంటేది

పోలిష్ కొట్టులో దొరుకుతుందన్నారు.
దొరికింది,
క్రీములో ముంచి, పంచదార వేసి,
పసిబిడ్డను జోకొట్టి పడుకోబెట్టినట్టు.
మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
పాపం, ఏమీ అనలేదు.

నాకు కావలసింది త్స్వీక్లి.
ఖ్రీన్ వేరు తురిమి, ఉడికిన బీట్‌రూట్‌లో కలిపేది.
మా అమ్మ పరాస్కా పెరటి మెట్ల మీద నిలబడి
గాలి వాటం చూసుకుని తురిమేది,
ఇంట్లో తురిమితే పిల్లి కూడా లేచిపోతుందని.
ముల్లంగి కాదు, ఆవాలు కాదు,
ఆ రెండింటి కోపమూ ఒంటపట్టిన వేరు.
ఒక్క చెంచా పడితే నషాళానికంటి,
పోయిన మామయ్య ఒనూఫ్రీ బాకీతో సహా
మరిచిపోయినవన్నీ గుర్తొచ్చేవి.

ఈస్టర్ ఇంకా ఐదు రోజులు.
విన్నిపెగ్‌లో ఏప్రిల్ అంటే పేరుకే ఏప్రిల్.
సెల్కిర్క్ వీధిలో ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపాను.
ఏ స్టాపులో ఏ వాసనో కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి
(కళ్లు తెరిచే నడిపాను లెండి).
ద్రోబుత్ గారి కొట్టు దగ్గర పొగబెట్టిన సాసేజీ,
పీపాలో పులిసిన క్యాబేజీ, తడిసిన రంపపు పొట్టు.
ఇప్పుడక్కడ ఫోన్లు బాగుచేస్తున్నారు.
ఛార్జర్లకి వాసన ఉండదు.

చివరికి మెక్‌ఫిలిప్స్ వైపు ఒక కొత్త కొట్టు.
గల్లాపెట్టె దగ్గర పిల్ల పేరు స్నిజానా,
పోల్తావా నుంచి వచ్చి రెండేళ్లట.
"త్స్వీక్లి ఉందా?" మా భాషలోనే అడిగాను.
నా నోటి వంక చూసింది,
పాత నాణెం చెల్లుతుందో లేదో తేల్చుకుంటున్నట్టు.
గాలిలో చేతులతో తురిమి చూపించాను.
"ఓ, బీట్‌రూట్ ఖ్రీన్!
మీరు పాత సినిమాలో తాతలా మాట్లాడుతున్నారు."

నూట పన్నెండేళ్ల కిందట
మా తాత ఓడెక్కుతూ మూటకట్టుకున్న మాట అది.
మూట విప్పకుండా దాచుకున్నాం మేము.
అక్కడ మిగిలిన మాటలు
పెరిగి, పెళ్లిళ్లయి, ఇంటిపేర్లు మార్చుకున్నాయి.

"మరి నీకేం తినాలనుంది?" అన్నాను.
తడుముకోలేదు: మయొనైజ్.
ప్యాకెట్‌లో వచ్చేది, మూల కత్తిరించి పిండుకునేది.
"ఇక్కడిది తియ్యన. అమ్మ చేసే సలాడ్ దీంతో కుదరదు."
నవ్వొచ్చింది. ఆమె మొహం చూసి మింగేశాను.
అది అమ్మే కొట్టు వాళ్ల వీధి చివరే ఉండేదట.
ఉండేది, అన్నాక ఇంకేం అనలేదు.

డ్యూటీ దిగాక నా కారులో పోయాం,
అమ్మ ఇల్లున్న చోటికి.
ఇల్లు లేదు, ఒక పళ్ల డాక్టరు గారి పార్కింగు.
తారు అంచున, కంచె వారగా,
మంచు వదిలిన జానెడు నేలలో
నిరుటి ఎండుటాకూ, పక్కన ఊదారంగు మొలకా.
ఖ్రీన్ ఒకసారి దిగితే పోదు,
అంగుళం ముక్క మిగిలితే చాలు దానికి.
నాన్న రెండుసార్లు తవ్విపోశాడు,
మూడోసారి బుల్డోజరు.

టైరు విప్పే రాడ్డుతో తవ్వాం.
నేల రాయిలా ఉంది. ఆమె గోళ్లరంగు పోయింది.
చిటికెన వేలంత వేరు, వంకరది, వచ్చింది.
విరిచి వాసన చూసి "ఓయ్!" అంది,
అచ్చం అమ్మ అన్నట్టే.
ఆ ఒక్క మాటకీ యాసలు లేవు.

సగం ఆమెకిచ్చాను.
మయొనైజ్‌లో కలుపుకుంటుందట.
అమ్మ వింటే మూడు రోజులు పలికేది కాదు.
నేను మాత్రం
ఎంత మయొనైజ్‌కి ఎంత వేరో
కొలత చెప్పి, ఇంటికొచ్చాను.