టెరీన్

మూడు లాంతర్ల దగ్గర డీటీపీ షాపులో
డిక్షనరీ టైపు చేస్తున్నాను,
పేజీకి ఇరవై రెండు రూపాయలు.
సారు పంపిన చీటీలో ఇంగ్లీషు మాట: టెరీన్.
పక్కన ఆయన చేతిరాతలో
ఐహికం, లౌకికం, భౌమం.
నాలుగోది పార్థివం.
పేపర్లో పెద్దవాళ్ల దేహాల ముందు తప్ప
ఆ మాట నేనెక్కడా చూడలేదు.

మధ్యాహ్నం పైడితల్లత్త క్యారేజీ తెచ్చింది.
నెల్లిమర్ల బట్టీలో ఇటుక కోసి కోసి
మోచేతుల దాకా ఆరిపోయిన బురద.
చీటీ చదివి వినిపించాను.
"టెరీనా? మీ మావ పెళ్లిసొక్కా గుడ్డ గదేటి!
ఓపాలి ముంచి దులిపితే సాలు,
మన్ను అంటీదే కాదు."

కాదత్తా, మట్టికి చెందినదని అర్థం.

"ఏ మట్టికి?" అంది.
దువ్వకా, గరువుకా, రేగడికా,
చంపావతి పొంగితే ఎక్కిన ఒండుకా,
అచ్చులో నిలబడని సవుడుకా?
"అన్నీ ఒక్క మాటలో ఎలాగ కుక్కీసినారే?"

సారు ఇచ్చింది ఒక్క వరుసే.

గిన్నెలు సర్దుకుని
మెట్ల మీద ఆగింది.
"ఆ సొక్కాతోటే కప్పెట్టీసినాం మీ మావని.
పదేళ్లయింది.
ఇప్పుడు తవ్వితే గుడ్డ దొరుకుతాది.
ఆడు దొరకడు."

పార్థివం పక్కన కర్సరు కొట్టుకుంటోంది.
బ్యాక్‌స్పేస్ మీద వేలు పెట్టి, తీసేశాను.
టేబులు మీద అత్త చెయ్యి ఆనిన చోట
ఎర్రటి పొడి.
దాన్ని తుడవకుండానే
తర్వాతి చీటీ అందుకున్నాను.