గొంతు వెనక మిల్లు

"అక్కా, నీ పాఠం వెనకాల మిల్లేదో ఆడతంది"
ఫోనులో దమయంతి అన్న మాట.
పదో తరగతి సాంఘికం
చూపులేని పిల్లల కోసం చదివి పెడతాను,
గంటకు నూట ఇరవై, టీ ఖర్చు నాదే.

చెవుల్లో తీగలు పెట్టుకుని విన్నాను.
నిజమే.
నదుల పేర్ల మధ్య, కామా దగ్గర,
నేను ఊపిరి తీసుకునే ప్రతిచోటా
గుయ్యిమని ఒకటే హోరు.
నేనాగినా అది ఆగదు.

నెల్లిమర్లలో మే నెల, రేకుల గది.
కంప్యూటర్ మీద దుప్పటి కప్పి చూశాను.
పది నిమిషాల్లో ఒళ్ళు కాగిపోయి
నా అరపేజీ మింగేసి
తనంతట తనే ఆరిపోయింది.

విజయనగరం, గంటస్తంభం వెనక సందు.
కొట్టు కుర్రాడు ఏడు రంగుల పెట్టె తీశాడు:
"రిమోటు కూడా ఉంది మేడమ్, పెళ్ళి పందిరిలా ఉంటాది."
నా పిల్లలకి వెలుతురుతో పనిలేదు తమ్ముడూ.
ఒక్కో ఫ్యానుకి ఎన్ని వాట్లు మోస్తుంది?
నావి మూడు పిన్నులవి,
వోల్టేజీ తగ్గించి నడిపేది కావాలి.
వేడి చెప్పే తీగ ఉందా?
అతను అడుగు అరలోంచి ఒకటి లాగి దుమ్ము ఊదాడు.
నల్లటి పలక, నాలుగు గుండీలు, అంతే.
ధర సగం. మొహం మాత్రం అతనిది సగమైపోయింది.

సీడీ సొరుగు ఊడిపోయి ఏళ్ళుగా తెరుచుకున్న నోట్లో
సరిగ్గా పట్టింది.
మొదటి గుండీ తగ్గించాను, హోరు తగ్గింది.
ఇంకాస్త తగ్గించాను, ఆగేపోయింది.
మళ్ళీ కొంచెం పెంచితే
రెక్క వణికింది గాని కదల్లేదు.

అప్పుడే వచ్చాడు పక్కింటి సన్యాసప్పడు,
పింఛను కాగితం ప్రింటు తీయించుకోడానికి.
జూట్ మిల్లు స్పిన్నింగులో ముప్పై ఒక్క ఏడు.
ఏం చెప్పాలన్నా పలక మీద రాయాలి ఆయనకి.
నేను రాయకముందే
పెట్టె మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.
"మూడోది బేరింగు తినీసింది తల్లీ. నూనె అడగతంది."
ఎలా తెలిసిందని రాశాను.
"సెవులు మిల్లులో ఒగ్గీసి వచ్చేను.
సేతులు తెచ్చుకున్నాను."

మిషను నూనె ఒక్క చుక్క వేశాడు,
రెండో చుక్క వేయబోతే నా చెయ్యి పట్టి ఆపాడు.
"ఆగిపోయినదాన్ని మెల్లిగ లేపకు.
ముందు గట్టిగ తిప్పీ. అందుకున్నాక తగ్గించు."
ఏ ఫ్యాను ఎంతవరకు తగ్గినా చావదో
అరచేత్తో చూసి చెబుతుంటే
ఒక్కో గుండీ పక్కన
నా ఎర్ర గోళ్ళరంగుతో చుక్క పెట్టాను.
వేడి తీగని ప్రాసెసర్ రేకుల సందులో దోపాను.

ఇప్పుడు చదివేటప్పుడు నాలుగూ చుక్కల దగ్గరుంటాయి.
పేజీ అయ్యాక నాలుగూ పూర్తిగా తిప్పేస్తాను,
అది బుసలు కొడుతుంది, నేను మజ్జిగ తాగుతాను.
డెబ్బై దాటితే ఎవరికీ చదువు లేదు.

దమయంతి మళ్ళీ ఫోను చేసింది.
"మిల్లాగిపోయిందక్కా.
నువ్వు కాయితం తిప్పితే ఇనబడతంది."

నిన్న పరిశ్రమల పాఠం.
సన్యాసప్పడు స్టూలు మీద కూర్చున్నాడు,
పెట్టె మీద చెయ్యి,
ఆడుతోందా లేదా అన్న అనుమానంతో.
సిమెంటు అయింది, చక్కెర అయింది.
జనపనార గురించి రెండే రెండు వాక్యాలు.
అవి చదవబోతూ
ఎందుకో మూడో గుండీ
చుక్క దాటించి కొంచెం పైకి తిప్పాను.
ఆయన కళ్ళు తెరిచి నా వైపు చూశాడు.

రెండు వాక్యాలూ అయ్యాక తగ్గించాను.
తప్పుందని దమయంతి వెనక్కి పంపితే
మళ్ళీ చదవాలి.
ఇంకా పంపలేదు.